రైట్ రైట్

డ్రైవరూ కండక్టరూ అక్కర్లేని బస్సులొచ్చాక, ఉద్యోగం పోయిన కండక్టరు సన్యాసిరావు గజపతినగరం స్టాపులోనే బజ్జీల బండి పెట్టుకున్నాడు. మనిషిని పంపేసినా, ఆయన గొంతును మాత్రం బస్సులకు అట్టేపెట్టుకున్నారు. ప్రతి బస్సూ ఆయన గొంతుతోనే "రైట్ రైట్" అనుకుని కదిలిపోయేది. అది విన్నప్పుడల్లా మూకుట్లో ఒక వాయి మాడేది.

ఆ సాయంత్రం ఒక ముసలమ్మ నెత్తిన బుట్టతో, కదిలిన బస్సు వెంట పరుగెత్తింది.

"హోల్డాన్!" అలవాటున అరిచాడు సన్యాసిరావు.

తన గొంతే అనుకుందో ఏమో, బస్సు ఆగింది. ముసలమ్మ ఎక్కింది. తలుపు మూసుకుంది. అయినా బస్సు కదల్లేదు.

"సెప్పండి మరి. మీ మాట కోసమే ఆగిపోనాది," అంది భార్య పైడమ్మ.

ఆయన జల్లిగరిటె వదిలేసి బస్సు దగ్గరికి వెళ్ళాడు. రేకు మీద తట్టబోయిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఆ మాట అనేస్తే వెళ్ళిపోతుంది.