ఆకలి లేని వేట

ఒక అఖాతంలోకి తిమింగలం తన పిల్లతో వచ్చింది. అక్కడి సొరచేపలు ముందు పిల్లనే కొరికాయి. చంపలేదు, గాయపరిచి వదిలాయి. గాయపడిన పిల్లను వదిలి తల్లి కదలదని వాటికి తెలుసు.

రాతి సందులోంచి పీత అరిచింది. "పెద్దాయనా, పొద్దున్నే కదా పొట్ట పగిలేలా తిన్నారు! మళ్లీ ఇదెందుకు?"

"ఇది మా తాతల నాటి ఆచారం," అంది ముసలి సొర. "అడ్డంగా నడిచేదానివి, నువ్వా మాకు దారి చెప్పేది?" మిగతా సొరలు పకపకా నవ్వాయి.

"నాకు నడకే వంకర. మీకు బుద్ధే వంకర! మీ తాతలు ఆకలేసి తిన్నారు. మీరు తల్లి ప్రేమను ఎరగా వాడుకుని, దానికి ఆచారమని పేరు పెట్టారు."

తల్లి పారిపోలేదు. పిల్లకు ఊపిరి అందేలా దాన్ని వీపు మీదికి ఎత్తుకుంది. సొరలు అందుకోసమే కాచుకుని ఉన్నాయి. ఒక్కసారిగా మీద పడ్డాయి.

తల్లీ పిల్లా చనిపోయాయి. సొరలు కాస్త కొరికి, ఇక తినలేక వెళ్లిపోయాయి. మిగిలిన మాంసం మునిగి పీత గుమ్మం ముందు పడింది. పీత నిన్నటి నుంచి పస్తు ఉంది. అయినా ఆ మాంసాన్ని ముట్టలేదు. ఇసుక తోసి గుమ్మం మూసుకుంది.