వీణ గదిలో వడియాలు

ఈ రోజుల్లో బయట ఏడాది పొడవునా చెమ్మే. అందుకే బొబ్బిలిలో వీణలు చేసే ప్రతి ఇంట్లోనూ పనస దుంగలను ఆరబెట్టే గది ఉంది. అక్కడి గాలిలో తేమ ఎంతుండాలో, లోపల యంత్రం అమర్చిన మాటలాడే గోడే చూసుకుంటుంది. దుంగ బీటలిస్తే వీణ పోయినట్టే.

వారంగా గోడ ఒకటే గోల: "గదిలో తేమ పెరిగింది."

తవిటమ్మ ఆ ఉదయం తలుపు తీసేసరికి, అత్త అప్పలనరసమ్మ ఒక దుంగ పక్కన చీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతోంది.

"ఎండే నేదు కదే. మరెక్కడెట్టీది?"

కసురుకోబోయిన తవిటమ్మ దుంగలు చూసి ఆగింది. గోడ తోలే పొడిగాలికి తొందరగా ఆరిపోయి దూరపు దుంగలు కొసల్లో బీటలిచ్చాయి. వారంగా వడియాల తడి తగులుతున్న దుంగ మాత్రం నిక్షేపంగా ఉంది.

ఆమె మీట నొక్కి గోడ నోరు మూయించింది.

"అత్తా, రేపు అన్ని దుంగల పక్కనా ఎట్టు. పిండి నాను రుబ్బుతాను."