కుండలో నీళ్ళు

మొయినాబాదు పంతులు ప్రేమదాసు పదేండ్ల కూతురు కరుణమ్మ జ్వరంతో పోయి నెల దాటింది. పట్నం నుంచి తెప్పించుకుని ఆమె పెంచిన మూడు ఎర్రచేపల్లో ఇప్పుడు ఒక్కటే మిగిలింది. బావి నీళ్ళను రాత్రంతా కుండలో ఉంచి, తెల్లారినాకే గాజు తొట్టిలో పోసేది ఆ పిల్ల. ప్రేమదాసు ఆ సంగతి తెలియక, చేదిన నీళ్ళు చేదినట్లే పోసి రెండింటిని చంపుకున్నాడు.

యుద్ధం రోజులు, కిరసనాయిలు కరువు. దీపం ఆర్పి పడుకున్నాక భార్య ధనమ్మ అడిగింది.

"కుండ నింపినవా?"

"అయ్యో, మర్చిపోయిన."

"గదొక్కటన్న బతకాలె. బిడ్డ గుర్తు ఇంకేమున్నది మనకు?"

ప్రేమదాసు లేవబోయాడు. అంతలో వంటింట్లో కుండలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. ఒలికితే అమ్మ తిడుతుందన్నట్లు, మెల్లగా, ఆగి ఆగి పోస్తున్నారెవరో.

అతను దీపం వెలిగించి వెళ్ళాడు. కుండ అంచుదాకా నిండి ఉన్నది. పక్కనే తొట్టిలో చేప, మేత వేసే మనిషి వెంట తిరిగినట్లు, గాజు వెంబడి కదులుతూ వచ్చి అతని వైపు ఆగింది.

వెనక నుంచి ధనమ్మ గొంతు సన్నగా వినిపించింది.

"దీపం ఆర్పయ్యా. పిల్లకు వెలుగుల నిద్ర పట్టదు."