కడిగిన కారు

సొంత తమ్ముడి గ్యారేజీ ఉండగా నా కారు సర్వీసుకి ఇంకెక్కడికి తీసుకెళ్తాను? అది తయారయ్యేదాకా వాడుకోమని వాడే గ్యారేజీ కారు తాళం నా చేతిలో పెట్టాడు.

"నీకోసం నేనే కడిగానక్కా. ఈ ఇన్సూరెన్స్ కాగితం మీద సంతకం పెట్టు. నువ్వు నడిపినన్నాళ్లూ ఏం జరిగినా కంపెనీయే చూసుకుంటుంది."

"కారు తీసుకున్న టైమ్ ఖాళీగా వదిలేశావేంట్రా?"

"నేను రాసుకుంటాలే. నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

నవ్వి సంతకం పెట్టాను. అప్పుడు మధ్యాహ్నం మూడయింది.

మర్నాడు ఇంటికి పోలీసు వచ్చాడు. నిన్న పొద్దున తొమ్మిదింటికి ఆ కారు సైకిల్ మీద వెళ్తున్న మనిషిని గుద్ది, ఆగకుండా పోయిందట.

"అప్పటికి కారు నా చేతికే రాలేదండీ! కావాలంటే మా తమ్ముణ్ణి అడగండి."

"అడిగే వస్తున్నానమ్మా," అంటూ కాగితం చూపించాడు.

నా సంతకం పక్కన ఉదయం ఎనిమిది అని ఉంది. చిన్నప్పుడు వాడికి ఎనిమిది రాయడం రాక ఏడుస్తుంటే, సున్నా మీద సున్నా పెట్టెయ్యరా అని నేనే నేర్పాను. ఇప్పటికీ అలాగే రాస్తున్నాడు.