కింద పెదవి

"మీ అమ్మాయికి కూడా దవడేనాండీ?"

అమలాపురంలో దవడల డాక్టరు నారాయణమూర్తి గారి వరండాలో, పక్క కుర్చీలోంచి వచ్చిందా ప్రశ్న.

సువర్ణ తల తిప్పి చూసింది. అరవై దాటినావిడ. ముఖం కళగానే ఉంది గానీ, కింద పెదవి మీంచి చొంగ గడ్డం దాకా జారుతోంది. ఆ సంగతి ఆవిడకి తెలిసినట్టే లేదు. కాసేపటికి అలవాటుగా రుమాలుతో తుడుచుకుంది.

"ఆయ్" అంది సువర్ణ తల్లి కుసుమ, మర్యాదకి.

సువర్ణకి కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. బళ్ళో పిల్లలు పెట్టిన పేరు నెలవంక. ఇప్పటికీ ఎవరైనా ఫొటో తీస్తామంటే గడ్డానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఏడాది పైగా పళ్ళకి క్లిప్పులు భరించి, ఇన్నాళ్ళకి ఆపరేషను దాకా వచ్చింది. ఈ ముఖమొక్కటి బాగుపడితే చాలు, దేవుణ్ణి ఇంకేమీ అడగనని మొక్కుకుంది.

"నాదీ నీలాంటి దవడేనమ్మా" అంటూ ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "చేయించుకో, మంచిదే. తెలుసుకుని చేయించుకో. పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి తీగతో కట్టేస్తారు. నెల పైన నోరు తెరుచుకోదు. గంజీ, జావా, కొబ్బరినీళ్ళే. ముఖం గుమ్మడికాయంత వాచిపోద్ది, ఆ వారం అద్దం చూడకు. వాంతొస్తే కంగారు పడకుండా ముందుకి వంగు. తీగ కత్తిరించే కత్తెర తలగడ కిందే పెట్టుకో. ఊరికే ఏడుపొస్తది, వస్తే ఏడువు."

"ఆయ్" అంది కుసుమ.

"ఇంకోటమ్మా. కింద పెదవికి తిమ్మిరెక్కుద్ది. చాలామందికి నెలల్లో తగ్గిపోద్ది. కొందరికి తగ్గదు. నాకు తగ్గలేదు."

ఆవిడ సంచీలోంచి కాగితం పొట్లం తీసింది.

"ఆత్రేయపురం పూతరేకులు. తీగలు విప్పేక మొదట ఇవే తిను, నమలక్కర్లేదు. ఇప్పుడోటి రుచి చూడమ్మా."

ఇందాక చొంగ తుడుచుకున్న చెయ్యే అది.

"వద్దండి" అని సువర్ణ చటుక్కున లేచి, వరండా అవతలి చివర కూర్చుంది. ఆవిడ పూతరేకుని మళ్ళీ పొట్లంలో పెట్టి జాగ్రత్తగా మడిచింది.

లోపల డాక్టరు గారు ప్లాస్టరు దవడ బొమ్మ చేత్తో పట్టుకుని అంతా వివరించారు. తీగలన్నారు, ఆయ్ అన్నారు తల్లీ కూతుళ్ళు. వాపన్నారు, ఆయ్. పెదవికి స్పర్శ రాకపోవచ్చన్నారు, దానికీ ఆయ్. పెద్దాయన అంత ఓపిగ్గా చెబుతుంటే మధ్యలో అడ్డుపడి అడుగుతారా ఎవరైనా! అర్థమైందా లేదా అన్నది ఇంటికెళ్ళాక సంగతి.

"అడగాల్సిందేమైనా ఉందామ్మా?"

"ఒక్కటుందండి" అంది సువర్ణ. "వరండాలో ఆవిణ్ణి కూర్చోనివ్వకండి. చొంగ కార్చుకుంటా, ఏవేవో చెప్పి భయపెడతన్నారు. చూస్తంటేనే అసహ్యమేస్తందండి."

తలుపు తెరిచే ఉంది.

డాక్టరు గారు దవడ బొమ్మని బల్ల మీద పెట్టారు.

"ఆయ్. అలాగేనమ్మా" అన్నారు.

బయటికొచ్చేసరికి ఆ కుర్చీ ఖాళీ.

కాకినాడలో ఆపరేషను ఆయనే చేశారు. మూడో రోజు సువర్ణ అద్దం అడిగి తీసుకుని, చూసి, అవతల పడేసింది. ఓ మధ్యాహ్నం వాంతి తన్నుకొచ్చింది. ఊపిరాడక గిలగిల్లాడబోయి, ఎవరి మాటో గుర్తొచ్చి ముందుకి వంగింది. గండం గడిచింది.

"ఇలాగవుద్దని ఒక్కరూ చెప్పలేదండీ మాకు!" అని కుసుమ నర్సు మీద విరుచుకుపడింది.

నోరు కట్టేసి ఉన్న సువర్ణ, కాదన్నట్టు తల ఊపింది. చెప్పారు. ఒకావిడ చెప్పారు.

తీగలు విప్పించుకుని బస్సులో వస్తుంటే రావులపాలెంలో కిటికీ దగ్గరికి పూతరేకులొచ్చాయి. కుసుమ సంబరంగా కొంది. పొద్దున ఆసుపత్రి అద్దంలో సువర్ణ చూసుకున్న ముఖం నిజంగా బాగుంది. పూతరేకు నాలుక మీద కరిగిపోతుంటే కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి పక్క సీట్లో పిల్ల పరికిణీ దగ్గరికి లాక్కుని, వాళ్ళమ్మ వైపు ఒదిగిపోతోంది. సువర్ణ గడ్డం తడిమి చూసుకుంది. తడి. నెయ్యీ చొంగా కలిసి ఓణీ మీదికి కారుతున్నాయి. కారినట్టే తెలియలేదు.

సువర్ణ తల ఎత్తలేకపోయింది. నెలవంక అన్నవాళ్ళని ఇన్నేళ్ళూ తిట్టుకుంది. తను చేసిందేమిటి? అంతకంటే నీచం కాదూ! సిగ్గుతో ఆ దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మళ్ళీ చూపించుకోడానికి వెళ్ళినప్పుడు ఆత్రేయపురం పొట్లం పట్టుకెళ్ళింది. వరండాలో ఆ కుర్చీ లేదు. లోపల కాట్రేనికోన నుంచి వచ్చిన ఎవరో పిల్లకి డాక్టరు గారు వివరిస్తున్నారు. వరసగా ఆయ్‌లు వినిపిస్తున్నాయి.

తన వంతు రాగానే అడిగింది. "ఆవిడ రావట్లేదాండీ?"

"మానేసేరమ్మా. 'పిల్ల జడుసుకుంది, ఇంక రాను' అన్నారు. నేనెంత చెప్పినా అందరూ ఆయ్ అంటారు, తిరిగి అడగరు. ఆవిణ్ణయితే అడిగేవారు. ఇప్పుడా దిక్కూ లేదు."

"ఎక్కడుంటారో చెప్పండి, నేనెళ్ళి కాళ్ళు పట్టుకుంటానండి."

"నేనూ బతిమాలేను. ఎవరొచ్చినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలి గదిలోకెళ్ళిపోతన్నారు."

సువర్ణ చేతిలో పొట్లం నలిగింది. "అసలు ఆవిడెవరండీ?"

డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేను కొత్తగా బోర్డు కట్టినప్పుడు నా కత్తి కింద పడుకోడానికి ఒక్కరూ ముందుకి రాకపోతే, 'ముందు నన్ను కొయ్యరా తమ్ముడూ, జనానికి నమ్మకం కుదురుద్ది' అని బల్లెక్కిన మా అక్కయ్యేనమ్మా ఆవిడ."