వేలెడు నేల

“నా బతుకు నాశనం చేసింది ఈ లీలండే! కళ్ళు కావవి, చొక్కా బొత్తాలు!”

కోచ్ డ్వైట్ సున్నపు గీత దాకా వెళ్ళి మరీ అరిచాడు. పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ వెనక నిలబడ్డ ముసలి అంపైర్ లీలండ్ మాస్కు కూడా తియ్యలేదు.

“అరవడం అయిపోతే బెంచీ మీదకి పో.”

జనం పగలబడి నవ్వారు. ఆ కాన్సాస్ గోధుమల ఊళ్ళో బేస్‌బాల్‌కి వచ్చేవాళ్ళలో సగంమంది వీళ్ళిద్దరి పోట్లాట కోసమే వస్తారు.

ఈ సీజన్‌కే నెబ్రాస్కా నుంచి వచ్చిన, బంతులు విసిరే పిచ్చర్ టీగ్‌కి ఇదంతా కొత్త. “అంత కోపమేంటి కోచ్?” అన్నాడు.

“ముప్పయ్యేళ్ళ కింద ఇక్కడే నేను క్యాచర్ని. ఆటగాళ్ళని ఏరుకునే పెద్ద లీగు మనిషి నన్ను చూడ్డానికే వచ్చాడు. ఆఖర్లో ఒకడు ప్లేటు మీదకి జారుతూ వచ్చాడు. వాడి కాలు పడకముందే బంతితో తాకాను. ఈ మహానుభావుడు ‘సేఫ్’ అన్నాడు. కాలు వేలెడు ముందే పడిందట! ఆట పోయింది. ఆ మనిషి కారెక్కి పోయాడు. నేనిక్కడే ఉండిపోయాను.”

ఉండిపోయి ఊరికే కూర్చోలేదు డ్వైట్. ప్లేటు వెనక గొంతుక్కూర్చుని కూర్చుని మోకాళ్ళు అరిగాయి. కుడిచేతి వేళ్ళలో ఒక్కటీ తిన్నగా లేదు. ఆ వంకర వేళ్ళతోనే ఊరి పిల్లలకి బంతి పట్టడం నేర్పాడు. పిచ్చర్ భుజం నొప్పి పిచ్చర్‌కంటే ముందు అతనికే తెలిసేది. గెలిచే ఆటైనా సరే, వాణ్ణి దింపేసేవాడు. అతని చేతికింద పెరిగినవాళ్ళు ఇప్పుడు పెద్ద మైదానాల్లో ఆడుతున్నారు.

“మరి ఫైనల్‌కి ఈయన్నెందుకు ఒప్పుకున్నాం?”

“అవతలి జట్టు పట్టుబట్టింది. నా జట్టుతో ఆటంటే అందరూ ఈయన్నే అడుగుతారు. నా వైపు ఒక్క బంతి కూడా మొగ్గడుగా!”

ఆఖరి ఇన్నింగ్స్. పరుగులు సమం. బ్యాటు అవతలివాళ్ళది, మూడో బేస్ మీద వాళ్ళ మనిషి; వాడు ప్లేటు చేరితే గెలుపు వాళ్ళదే. బ్యాటు అంచుకి తగిలిన బంతి వెనక్కి లేచి లీలండ్ మాస్కుకి ఠంగుమని కొట్టుకుంది. ముసలాయన తూలిపోయాడు. డెబ్బై దాటినవాడు, ఒక్కసారి కూలబడితే చాలు, ఇక ఇంట్లో కూర్చోబెడదామని లీగు పెద్దలు కాచుకునున్నారు.

“టైమ్!” అని అరిచి డ్వైట్ పిచ్చర్ దిబ్బ వైపు కదిలాడు. అతను అంత నెమ్మదిగా నడవడం టీగ్ ఎన్నడూ చూడలేదు.

“బాగానే వేస్తున్నాగా కోచ్?”

“బాగానే వేస్తున్నావు. పొద్దున్న ఏం తిన్నావు?”

“ఏంటీ?”

“చెప్పరా. నేను క్యాబేజీ, మాంసం కూరిన బన్ను తిన్నాను. ఆవముద్ద కాస్త ఎక్కువైంది. అటు చూడకు!”

“ఆయన తేరుకోవాలనా? మీ బతుకు నాశనం చేసినాయన కోసమా?”

“క్యాచర్ వేలు చితికితే, వాడు తేరుకునేదాకా అంపైర్ శుభ్రంగా ఉన్న ప్లేటునే మళ్ళీ ఊడుస్తాడు. అంపైర్‌కి తగిలితే మనం కబుర్లు చెబుతాం. ఊఁ, ఇంకేం తిన్నావు?”

“కబుర్లు చాలు, ఆడండి!” వెనకనుంచి లీలండ్ గద్దించాడు. డ్వైట్ మొహం తేటపడింది.

తర్వాతి బంతి బ్యాటుకి తగిలి దగ్గర్లోనే పడింది. మూడో బేస్ వాడు పరుగెత్తుకొచ్చి జారాడు. విసిరిన బంతి క్యాచర్ అందుకుని వాణ్ణి తాకాడు. దుమ్ము లేచింది. అందరూ లీలండ్‌నే చూశారు.

“సేఫ్!”

ఫైనల్ పోయింది. డ్వైట్ టోపీ నేలకేసి కొట్టాడు, నోరు నొప్పెట్టేదాకా తిట్టాడు. జనం తృప్తిగా ఇళ్ళకి పోయారు.

మైదానం ఖాళీ అయ్యాక టీగ్ తన సంచీ కోసం తిరిగొచ్చాడు. డ్వైట్ ట్రక్కు వెనక అంచున లీలండ్ కూర్చుని గుడ్డ మూట విప్పుతున్నాడు. అందులోంచి క్యాబేజీ, మాంసం కూరిన బన్ను తీసి, సగం విరిచి డ్వైట్‌కిచ్చాడు.

“కాలు వేలెడు ముందే పడింది” అన్నాడు ముసలాయన.

“చూశాను.” డ్వైట్ వంకర వేళ్ళతో ఆయన నుదుటి మీద బొప్పి మెల్లగా తడుముతూ అన్నాడు.

“ఆ రోజూ వేలెడేగా, నాన్నా!”