దొరగారి నారింజలు

ఫ్రెంచి దొర నారింజల బుట్టతో తమ ఇంటి రేవుకు రావడం యేమ్‌కు నచ్చలేదు. నిరుడు ఇదే కాలువలో ఆమె మొగుణ్ణి పడవతో సహా ముంచేసిన లాంచి ఆయనదే.

"మా దేశాన్ని కాపాడ్డానికి వెళ్తున్నావు. శభాష్!" అని ఆయన ఆమె కొడుకు ఫూన్ భుజం తట్టాడు. ఫూన్ నవ్వుతూ చేతులు జోడించాడు.

యేమ్ కొడుకును లోపలికి లాగింది. "వాడేం ఆశ పెట్టాడురా నీకు? మొన్నటిదాకా ఈ యుద్ధంతో మనకు పనిలేదన్న మన సయాం దేశం, ఇవాళ వాళ్ళ లారీలు తోలడానికి నిన్నెందుకు పంపుతోంది? జర్మనీవాడు మన కొంపేం ముంచాడు?"

"ఏం ముంచలేదమ్మా."

"మరి?"

"నాన్న కేసులో మన జడ్జి ఏమన్నాడు? ఫ్రెంచివాణ్ణి విచారించే హక్కు మనకు లేదనేగా? ఇక్కడ వాళ్ళవాళ్ళ కేసులు చూసే వాళ్ళ కాన్సల్ సాయంత్రానికల్లా దొరను వదిలేశాడు. ఇప్పుడు వాళ్ళ పక్కన నిలబడితే, యుద్ధమయ్యాక ఆ హక్కు అడగొచ్చట. అందుకే వెళ్తున్నాం."

"అడిగితే ఇస్తారా?"

"అడగాలంటే ముందు వెళ్ళాలిగా."

యేమ్ నోట్లోని తాంబూలం ఉమ్మేసి రేవులోకి పరుగెత్తింది. దొర లాంచి ఎక్కుతున్నాడు.

"దొరగారూ!" అని వంగి దణ్ణం పెట్టింది. "మావాడు తిరిగొచ్చేదాకా తమరు చల్లగా ఉండాలి. ఊరొదిలి ఎక్కడికీ వెళ్ళకండి."